చివరి రీలు చూడని యేసమ్మ

ప్రొద్దుటూరులో పాత బస్టాండు దగ్గరి టాకీసులో ఒకప్పుడు ‘ఉల్కాభూతం’ అని ఒక సినిమా ఆడింది. ఆడిందంటే వంద రోజులనుకునేరు, గట్టిగా రెండు వారాలు. ఆకాశం నుంచి ఉల్క ఊడిపడుతుంది, లోయలోని బండ పగిలి రాతిభూతం లేస్తుంది, దొరికినవాణ్ణి దొరికినట్టు నలిపేస్తుంది. జనం కేకలు పెట్టారు, పిల్లలు తల్లుల కొంగుల్లో దూరారు. అంత హాల్లో ఆ భూతాన్ని చూసి భయపడని మనిషి ఒక్కతే, నాగులగుట్టపల్లె యేసమ్మ. ఎందుకు భయపడుతుంది? ఆ భూతం ఆమె మొగుడు.

మొగుడి పేరు దేవపాలు. జమ్మలమడుగు వైపు నాపరాళ్ళ గనుల్లో కూలి. ఏ గుమ్మంలోకైనా తల వంచి వెళ్ళాల్సినంత పొడుగు. ఒకసారి బండ జారి ఎడమ చీలమండ మీద పడింది. అప్పటి నుంచి ఆ కాలిని కాస్త ఎత్తి, పక్కకు విసిరినట్టు వేసి నడిచేవాడు. ఎత్తినప్పుడల్లా కుడి భుజం దిగేది. “కొంగ నడకోడా” అని యేసమ్మ ఎగతాళి చేస్తే, “నడక యెట్లుంటే ఏంది మే, నీ కాడికే వస్తాండా గదా” అనేవాడు. పిల్లల్లేరు. మిషను దొరలు కట్టించిన చిన్న గుడి వెనక రెండు గదుల ఇల్లు. ఇద్దరూ ఒకరికొకరు చాలనుకున్న మనుషులు.

ఎలక్షన్లు ముంచుకొస్తున్న రోజుల్లో, దేవపాలు గని నుంచి ఇంటికొస్తుంటే వంక మలుపులో ఒక జీపు మీద బాంబులు పడ్డాయి. చచ్చినవాడు ఒక పార్టీ, చంపినవాళ్ళు ఇంకో పార్టీ. మా వైపు పార్టీ అంటే జెండా సంగతి తర్వాత, ఎవరి వెనక తిరుగుతున్నావనేదే ముందు. దేవపాలు ఎవరి వెనకా తిరిగేవాడు కాదు. ఆదివారం గుడికీ, మిగతా రోజులు గనికీ తిరిగేవాడు. అలాంటి మనిషే ఆ సంగతి కళ్ళారా చూశాడు.

“చూసినానని కోర్టులో చెప్పాల” అని ఒక పార్టీ మనుషులొచ్చారు. “చూసినానంటివా, ఆ కండ్లుండవు” అని రెండో పార్టీ మనుషులొచ్చారు. అడకత్తెరలో పోకచెక్కకు ఎటు నుంచి నొక్కినా ఒకటే. దేవపాలు మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నాలుగోనాడు సాయంత్రం యేసమ్మ నీళ్ళబిందె దించుతుంటే దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

“నేను పోతాండా మే. యాడికని అడగొద్దు. నీకు తెలిస్తే నీతో చెప్పిస్తారు.”

“బతికుండావో లేదో నాకెట్ల తెలియాల మామా?”

“యెట్లనో ఒకట్ల తెలుపుతాలే. నువ్వు మాత్రం నాకోసం ఎవురినీ అడగొద్దు.”

అంతే. తువ్వాలు తలకు చుట్టుకుని కొంగ నడకతోనే చేలల్లోంచి వెళ్ళిపోయాడు.

తర్వాత రెండు పార్టీలవాళ్ళూ ఇంటికొచ్చి మొగుణ్ణి యాడ దాచావన్నారు. శనక్కాయల బస్తాలు కుమ్మరించారు. గాదె కింద కర్రలతో పొడిచి చూశారు. పోలీసులూ అదే పని చేశారు. ఆమె తెలీదంది, నిజమే గనుక గొంతు వణకలేదు. ఏడాది గడిచేసరికి ఊరు వాణ్ణి చంపేసింది. పెన్నేటి ఇసుకలో పూడ్చిపెట్టారని ఒకరు, గనిగుంతలో వేశారని ఒకరు. తాళి తీసెయ్యమని పెద్దమ్మలు చెప్పారు. యేసమ్మ తియ్యలేదు. కానీ మనసులో పురుగు తొలుస్తూనే ఉంది. తెలుపుతానన్నవాడు ఎందుకు తెలపడు?

అలాంటప్పుడు పక్కింటి వసంతమ్మ బలవంతం చేసి ఆమెను ప్రొద్దుటూరు మ్యాట్నీకి తీసుకుపోయింది. గండికోట లోయలో తీసిన సినిమా, మన రాళ్ళు మనమే చూసుకుందాం రమ్మంది. ఆ టాకీసులో బెంచీ టికెట్టుకు ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. మధ్యలో నిలువెత్తు అడ్డుగోడ. పోవడానికి రావడానికి గేట్లూ వేరే.

తెర మీద బండ పగిలింది. పొగ లేచింది. పొగలోంచి రాయిలాంటి ఆకారం, కళ్ళ చోట రెండు తొర్రలు, బయటికొచ్చి నడిచింది. ఎడమకాలు ఎత్తింది, పక్కకు విసిరింది, కుడి భుజం దిగింది.

వసంతమ్మ కెవ్వుమని యేసమ్మ చెయ్యి పట్టుకుంది. యేసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపో నవ్వో ఆమెకే తెలియలేదు. బతికున్నాడు. మాట తప్పలేదు. ఇన్నాళ్ళ దిగులు ఒక్కసారిగా కరిగి, ఆ తావునే లేచి అందరికీ చెప్పాలనిపించింది. చెబితే చంపినట్టే. అంతమంది మధ్య అంత ఒంటరితనం ఆమె ఎప్పుడూ ఎరగదు.

సినిమా చివరికొచ్చింది. హీరో మంటలు చిమ్మే యంత్రం తెచ్చాడు. ఇక భూతాన్ని కాల్చేస్తాడని ఎవరికైనా తెలుస్తుంది. మగవాళ్ళ వైపు నుంచి “కాల్చు, కాల్చు” అని ఈలలు మొదలయ్యాయి. యేసమ్మ తటాలున లేచి, వసంతమ్మ పిలుస్తున్నా వినకుండా ఆడవాళ్ళ గేటు దగ్గరికి పోయింది. గేటు మనిషి హబీబుల్లా, సన్నగా నవ్వుమొఖంతో ఉండే కుర్రవాడు, గొళ్ళెం తీసి బయటికి వదిలాడు.

బయట అద్దాల పెట్టెలో సినిమా ఫోటో కార్డులు అతికించి ఉన్నాయి. వాటిలో ఒకదాని ముందు ఆమె కాళ్ళు ఆగిపోయాయి. భూతం ముసుగు మెడ దాకా ఊడి వేలాడుతోంది. దానిలోంచి చెమట కారుతూ దేవపాలు మొఖం, పట్టపగటి ఎండంత స్పష్టంగా.

“ఆ సీను సినిమాలో లేదక్కా” అన్నాడు హబీబుల్లా, ఆమె కళ్ళప్పగించి చూడటం గమనించి. “భూతం ముందు మనిషే అని చూపిచ్చేది. తీసినంక యెందుకో కోసేసినారు. కార్డు మాత్రం వచ్చేసింది.”

మర్నాడు సంత. నాగులగుట్టపల్లె నుంచి రెండు పార్టీల బండ్లూ ఈ టాకీసు ముందు నుంచే పోవాలి. ఎవడో ఒకడు టీ తాగుతూ తలెత్తితే చాలు. చచ్చాడనుకుంటున్నవాడు బతికున్నాడనీ, సినిమావాళ్ళ దగ్గరున్నాడనీ తేలిపోతుంది.

“అప్పా, నీకు దండం పెడతా. ఆ బొమ్మ తీసెయ్యి.”

“నాది కాదక్కా అది. రీళ్ళ పెట్టెతో తిరిగి పంపాల. తక్కువొస్తే నా పని పోతాది.”

యేసమ్మ అద్దం మీద ఆ మొఖం చోట అరచెయ్యి పెట్టి మూసి నిలబడింది. హబీబుల్లా ఆ చేతిని చూశాడు, మెడలో తాళిని చూశాడు, కార్డు వైపు చూశాడు. బాంబుల ఊళ్ళ మధ్య పుట్టిన మనిషికి విడమరచి చెప్పనక్కర్లేదు. పెట్టె తెరిచి కార్డు ఊడదీసి ఆమె చేతిలో పెట్టాడు. ఖాళీ చోట హీరోయిన్ బొమ్మ ఒకటి జరిపాడు. ఎవరని అడగలేదు.

బస్సులో ఆ కార్డును రవికెలో దాచుకుని కూర్చుంది. ఇంటికి చేరాక తలుపేసి తనివితీరా చూసుకుంది. దవడలు లోపలికి పోయాయి, గడ్డం మాసింది, కళ్ళు అవే. ఎక్కడ దాచాలి? గాదె కింద కర్రలు పొడిచినవాళ్ళు, దిండులో దాస్తే వదులుతారా? పెళ్ళినాటి ఫోటో కూడా లేని ఆ మనిషి మొఖం, లోకంలో ఒక్కచోట అచ్చై తనదాకా వస్తే, దాన్ని తన చేతుల్తోనే పొయ్యిలో పెట్టింది. ఆ పూట పొయ్యి మీద ఏమీ వండలేదు.

సినిమా ఉన్నన్నాళ్ళూ ఏదో ఒక సాకు చెప్పి మ్యాట్నీకి పోయింది. అడ్డుగోడ పక్కన కూర్చుని నడక చూసేది. మంటల యంత్రం రాగానే లేచేది. హబీబుల్లా అప్పటికే గొళ్ళెం మీద చెయ్యేసి ఉండేవాడు.

“ఇంగ పది నిమిషాలే గదక్కా. భూతం సచ్చేది సూడవా?”

“మీరు సూడండప్పా. నాకు బస్సుంది.”

తర్వాత ఆ సినిమా పోయి ఇంకొకటొచ్చింది. దేవపాలు రాలేదు.

కొన్నేళ్ళకు రెండు పార్టీల పెద్దలూ రాజీపడ్డారు. ఒకే వేదిక మీద ఒకే రంగు కండువాలు వేసుకుని దండలు మార్చుకున్నారు. కేసు కొట్టేశారు. ఇక సాక్షితో ఎవరికీ పనిలేదు. యేసమ్మ గుడి మెట్ల మీద కూర్చుని దారి చూసింది. ఇప్పుడు రావచ్చు గదా, భయమేముంది? పెద్దలు కలిసిపోయారు, ఊళ్ళో దీపాలు పెట్టుకున్నారు, ఆమె ఇంటికి మాత్రం ఎవరూ రాలేదు.

ఆ ఊళ్ళో ఉండలేక చాపాడు వచ్చి, బళ్ళో పిల్లలకు వండిపెట్టే పనిలో చేరింది. వితంతు పింఛను రాయిస్తామన్నారు, చావు సర్టిఫికెట్టు తెమ్మన్నారు. “సచ్చినాడని నేనెందుకు రాపిచ్చాలప్పా?” అని లేచొచ్చింది. గుడిలో పాస్టరు దూరదేశాల్లో ఉన్నవారి కోసం ప్రార్థన చేసినప్పుడు, కువైట్‌లో కొడుకులున్న తల్లులందరికంటే గట్టిగా ఆమేన్ అనేది. మొదట్లో జాలిపడ్డారు, తర్వాత నవ్వుకున్నారు, ఆ తర్వాత వాళ్ళూ పోయారు. ఆమెకు తోడంటూ మిగిలింది ఒక నడక. కళ్ళు మూసుకుంటే అదొక్కటే చెదరకుండా కనబడేది.

మోకాళ్ళు అరిగి వంటపని మానేశాక, ఒక మధ్యాహ్నం గేటు తీసుకుని వాకిట్లోకి తెల్లగడ్డం మనిషొకడు వచ్చాడు. హబీబుల్లా. కువైట్‌లో చాలాకాలం డ్రైవరు పనిచేసి వచ్చి, వేంపల్లెలో కూతురి దగ్గర ఉంటున్నాడట. టాకీసు ఎప్పుడో మూతబడి, దానిలో బంగారం అంగళ్ళు వెలిశాయట. ఎవరెవరినో అడిగి ఆమెను పట్టుకున్నాడు.

“యేసక్కా, ఫోన్లో ఒకటి వచ్చింది. నీకు సూపిచ్చాలని వచ్చినా.”

పాత సినిమాల తెరవెనుక సంగతులు చెప్పే కార్యక్రమం అది. ఈసారి ‘ఉల్కాభూతం’ గురించి. ఆ సినిమాకు సహాయ దర్శకుడిగా పనిచేసిన ముసలాయన కుర్చీలో కూర్చుని హుషారుగా చెబుతున్నాడు. భూతం ఒళ్ళంతా లారీ ట్యూబులూ స్పాంజీ అట. అరుపేమో గాడిద అరుపును నిదానంగా తిప్పిందట. యేసమ్మ చాలాకాలానికి గట్టిగా నవ్వింది. “అనుకుంటి. మామ గొంతు అంత నాజూకు గాదు” అంది.

ముసలాయన కొనసాగించాడు. “ఆ నడకను చాలామంది మెచ్చుకున్నారు, దర్శకుడి ప్రతిభ అన్నారు. కాదండీ. ఆ వేషం వేసిన మనిషికి కాలు కుంటి. అది కనిపించకుండా బూటులో మెత్త పెట్టించాం. ఆయన తీసి పారేశాడు. నా నడక ఇట్లాగే ఉండాలి, ఒక్క మనిషికి తెలియాలి అన్నాడు. పేరడిగితే నవ్వేవాడు. రాళ్ళాయన అనేవాళ్ళం.”

యేసమ్మ నవ్వు ఆగిపోయింది.

“ముసుగు ఊడే సీను తీశాక, రాత్రంతా కూర్చుని ఏడ్చాడు. నా మొఖం బయటపడితే చంపేస్తారు సార్ అన్నాడు. నిర్మాత తిట్టినా దర్శకుడు ఆ సీను కోసేశాడు. దాని నెగెటివ్ కూడా ఇప్పుడు లేదు, ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి. సినిమా రిలీజైన రోజున మద్రాసులో ఆయన్ని రైలెక్కించింది నేనే. ఊళ్ళోకి పోలేను సార్, కానీ నా భార్య తప్పకుండా సినిమాకొస్తుంది. రోజూ మ్యాట్నీ విడిచాక ఆడవాళ్ళ గేటు దగ్గర నిలబడతా, గుంపులో నన్నెవరూ చూడరు అన్నాడు. కలుసుకున్నారో లేదో పాపం. మళ్ళీ కబురు లేదు.”

హబీబుల్లా ఫోను ఆపాడు. తాను కూడా అక్కడిదాకా విని, అక్కడే ఆగి, రెండు నెలలు తటపటాయించి వచ్చాడు. మ్యాట్నీ విడిచాక. యేసమ్మ ఏనాడూ ఆట విడిచేదాకా ఉండలేదు. ముందుగానే గొళ్ళెం తీసి రోజూ ఆమెను పంపింది అతనే.

వీధిలో ఆటోలో ఏదో పార్టీ మైకు అరుచుకుంటూ పోయింది.

“బొమ్మలో సచ్చేది సూడలేక లేసొచ్చినా గదప్పా” అంది యేసమ్మ. “నిజమైనోడు బయట నిలబడుకోని ఉంటే.”

“అక్కా, ఆ గుంపులో నేనన్నా...”

“నువ్వేం జేస్తావు. నీకేం తెలుసు.” కొంగుతో మొఖం తుడుచుకుంది. “ఆ సినిమా మొత్తం ఉండాదా దాంట్లో?”

“ఉండాదక్కా.”

“అయితే పెట్టు. ఈతూరి అయిపొయ్యేదాక లేయను.”

హబీబుల్లా ఫోనును నీళ్ళచెంబుకు ఆనించి పెట్టాడు. అరచేతంత తెర మీద బండ పగిలింది, పొగ లేచింది, ఎడమకాలు ఎత్తి పక్కకు విసురుతూ దేవపాలు నడిచొచ్చాడు. మంటల యంత్రం వచ్చినప్పుడు హబీబుల్లా అలవాటు కొద్దీ ఆమె వైపు చూశాడు. ఆమె కదల్లేదు. మంటల్లో భూతం మోకాళ్ళ మీద కూలింది, చెయ్యెత్తింది, కాలిపోయింది. పేర్లు పడ్డాయి. రాళ్ళాయన పేరు వాటిలో లేదు.

సినిమా అయిపోయింది. యేసమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి, వాకిలి దాకా పోయి, గేటు అవతలికి చూసింది.