మబ్బు రోజున మూసిన పోర్టు

కొత్త స్విచ్‌కు కరెంటు ఇవ్వగానే లోపలి ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తి, కాసేపటికి సద్దుమణుగుతాయి. ఈ ఉదయం ఏలూరులో ఒక కాలేజీ ల్యాబులో ఆ హోరు వినగానే విశ్వనాథంగారు గదిలోకి వచ్చినట్టే అనిపించి, కుర్చీలోంచి లేవబోయాను. ఆయన పోయి ఏడాది దాటింది. తాడేపల్లిగూడెంలో ఆయన నడిపిన చిన్న ఆఫీసులోనే నా మొదటి ఉద్యోగం. స్విచ్ అంటే లైటు మీట కాదు, కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె. ఒక్కో తీగ గుచ్చే చోటు ఒక్కో పోర్టు. ఏ పోర్టు ఎలా పనిచేయాలో ఆ పెట్టెకు చెప్పడమే మా పని.

ఆ పని ఆయన చేస్తుంటే చూడటానికి ఓపిక కావాలి. ముందు పెట్టెకు పేరు పెట్టాలి, గడియారం సరిచేయాలి, పాస్‌వర్డ్ మార్చాలి. తర్వాత ప్రతి పోర్టుకూ పేరు. "అవతల ఎవరున్నారో తెలీకుండా పోర్టు ముట్టుకోకండమ్మా" అనేవారు. ఖాళీ పోర్టులు మూసేయాలి. ఇంత చేసీ సేవ్ మాత్రం చేయనిచ్చేవారు కాదు. "వాళ్ళు ఒక పూట వాడి, బాగుందండీ అన్నాక చేద్దాం. ఈలోగా మనం ఏదన్నా పాడుచేస్తే, కరెంటు తీసి పెడితే పాత సెట్టింగులు వచ్చేస్తాయి" అనేవారు. ఆ ఒక పూట కోసం ఎదురుచూస్తూ నేను ఎన్ని బస్సులు వదులుకున్నానో, ఎంత విసుక్కున్నానో.

కొల్లేరు పక్క వెంకటరాజుగారి చేపల చెరువులు మాకు పెద్ద ఖాతా. నీటిలో ఆక్సిజన్ కొలిచే యంత్రాలు గట్టు మీది గదిలో స్విచ్‌కు కలిసి ఉండేవి. ఆక్సిజన్ తగ్గితే ఆయన ఫోనుకు కబురు వెళ్తుంది, ఆయన అక్కడి మనిషికి చెప్పి, నీటిని చిలికే ఏరేటర్లు వేయిస్తారు. మబ్బు పట్టి, ఎండ లేక ఆక్సిజన్ పడిపోయే రోజుల్లో ఆ కబురు ఆలస్యమైతే చేపలు దక్కవు. ఏడాది కష్టం నీళ్ళ మీద తేలుతుంది.

అలాంటి మబ్బు రోజునే విశ్వనాథంగారు ఆఫీసులో కూర్చుని ఆ స్విచ్‌లో ఖాళీ పోర్టు మూయబోయి, దాని పక్కదాన్ని మూశారు. ఇంటర్నెట్ వచ్చేది ఆ పోర్టులోంచే. మా తెర అలాగే బిగుసుకుపోయింది. ఆయన మరుక్షణమే ఫోను తీసి స్పీకరు పెట్టారు. రాజుగారు ఏలూరులో ఏదో పని మీద ఉన్నారు.

"రాజుగారండీ, ఇప్పుడు మీకు చెరువుల కబురు రాదండి. ముందు మీ మనిషి చేత ఏరేటర్లు వేయించండి."

"మబ్బుగా ఉంది కదండీ, లైను పోయుంటుందిలెండి."

ఎంత మర్యాదగా తప్పించుకునే దారి ఇచ్చారో. నాకు ప్రాణం లేచి వచ్చింది. విశ్వనాథంగారు మాత్రం, "లేదండి, లైను బాగానే ఉంది. నేనే పొరపాటున మూసేశాను" అన్నారు.

గట్టు మీది మనిషి వెళ్ళేసరికి చేపలు అప్పటికే పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయట. ఏరేటర్లు వేశాక, విశ్వనాథంగారు చెప్పినట్టే స్విచ్‌కు కరెంటు తీసి మళ్ళీ పెట్టాడు. సేవ్ చేయలేదు కాబట్టి మూసిన పోర్టు తెరుచుకుంది. చేపలు దక్కాయి. ఖాతా దక్కలేదు. వారం తిరక్కుండా రాజుగారు పని వేరేవాళ్ళకు అప్పగించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "చేపలు బతికాయి కదమ్మా" అని ఆయన కాఫీ తెప్పించారు. ఆ కాఫీ నాకు సహించలేదు.

విశ్వనాథంగారు పోయినప్పుడు రాజుగారు పరామర్శకు వచ్చారు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగారు.

"ఇప్పుడున్నవాళ్ళు కబురు ఎప్పుడు ఆగినా లైను పోయిందనే చెబుతారమ్మా. నిజమో కాదో నాకెలా తెలుస్తుంది? మబ్బు పట్టిందంటే నేనే వెళ్ళి గట్టు మీద కూర్చుంటున్నాను."

రాజుగారు పని మళ్ళీ నాకే అప్పగించారు, ఆ చెరువుల స్విచ్ ఇప్పుడు నేను చూస్తున్నాను. మొన్న వానలో నా పొరపాటు వల్లే ఒక పోర్టు ఆగింది. ఫోను చేసి, "రాజుగారండీ, తప్పు నాదేనండి" అన్నాను.

"సరేనమ్మా, మనిషిని పంపుతున్నాను. నేను ఇంట్లోనే ఉంటాను" అన్నారు.