కోళ్లకు సూది వేయించిన నాడు ప్రభువు నన్ను నిలబెట్టెను

సహోదరులారా, సహోదరీలారా, నేను చిరాగ్‌పల్లి సంఘంలోని శాంతమ్మను, నా ఇంటిమీద చీకటి కమ్మిన కాలంలో నా దేవుడు చేసిన మేలును మీ ముందర చెప్పకుండా నేను ఊరకుండలేను!

ఆ యేడు నా పెనిమిటి యోహాను విషజ్వరంతో మంచం పట్టి, జ్వరం దిగినా లేచి నిలబడలేక ఎముకల గూడై పోయాడు. జహీరాబాద్ దవాఖానలో డాక్టరమ్మ రోజూ గుడ్డు పెట్టమన్నది, మా ఇంట్లో జొన్నరొట్టె తప్ప మరేముంది, కానీ నా గంప కింద కోళ్లున్నాయి, ఆ గుడ్లు తిని ఆయన గోడ పట్టుకొని నడవడం మొదలుపెట్టాడు. అంతలోనే ఊళ్లోకి కొక్కెర తెగులు వచ్చింది! పొద్దున గింజలు తిన్న కోడి సాయంత్రానికి మెడ మెలిదిరిగి పడిపోయేది.

సర్కారువారు డప్పు చాటించారు. కోళ్లను కోహీర్ అంగడికి తీసుకుపోగూడదు, చచ్చినవాటిని వాగులో పారవేయక కాల్చి పూడ్చాలి, బతికున్నవాటికి సూది వేయించాలి అన్నారు. పశువుల డాక్టరు చావడి దగ్గర కూర్చుంటే ఒక్కరూ పోలేదు, ఆ సూదితోనే కోళ్లు చస్తాయని ఊరంతా మాట పుట్టింది. నా పెనిమిటి అక్క బాలమ్మ నా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"శాంతమ్మా, గా సూదికి పోకు. ఉన్నయి సుత పోతే నా తమ్మునికి ఏం పెడ్తవ్?"

నేను మోకాళ్లూని, "ప్రభువా, నాకు చదువు లేదు, ఏది మంచిదో నాకు తెలియదు, నా భయాన్ని తీసివేసి నన్ను నడిపించు" అని ప్రార్థించి, లేచి, గంప నెత్తిన పెట్టుకొని చావడికి పోయాను. డాక్టరు నా దగ్గర ఏమీ దాచలేదు. "జర సుస్తుగ ఉంటయమ్మా, ఒకటో రెండో పోవచ్చు సుత. సూది ఏపియ్యకపోతే మాత్రం ఏదీ మిగలదు" అన్నాడు. నేను ఒక్కొక్కదాన్నే పట్టి ఇచ్చాను.

ఆయన చెప్పినట్టే కోళ్లన్నీ రెక్కలు వాల్చి ముడుచుకున్నాయి, గుడ్లు ఆగిపోయాయి, ఒక పెట్ట చచ్చిపోయింది. బాలమ్మ నాతో మాట మానేసింది. పెట్టను కాల్చిన చోటే నిలబడి, "తండ్రీ, నేను నిన్ను నమ్మే పోయాను, వెనక్కి తిరగను, నా భర్తను నీవే పోషించు" అని ఏడ్చాను. నా పెనిమిటి మాత్రం మంచం మీదనుంచి, "ఫికర్ చెయ్యకు, జావ తాగుత" అన్నాడు, ఆ మాటే నాకు బలమిచ్చింది!

సహోదరులారా, నా కోళ్లు లేచాయి! మట్టి గీరాయి, గింజలు తిన్నాయి, గుడ్లు పెట్టాయి! చుట్టుపక్కల గంపలు ఖాళీ అవుతుంటే మా వాకిట్లో కోడి కూసింది. అప్పుడు బాలమ్మ తనకు మిగిలిన కోళ్లను చంకనబెట్టుకొని వచ్చి, "డాక్టరు మల్లెప్పుడొస్తడే? నాతో జర రా" అన్నది. ఆమె వెనక వాడలోని ఆడవాళ్లందరూ వచ్చారు.

అదిగో, నా పెనిమిటి మీ మధ్యనే కూర్చున్నాడు, మా ఊరి నుంచి ఇక్కడిదాకా తన కాళ్లతో నడిచి వచ్చాడు, దేవునికే మహిమ! భయంతో తలుపు వేసుకున్న అక్కలారా, మందును, మంచి మాటను పంపేవాడు కూడా ఆయనే. ప్రార్థించి లేవండి, గడప దాటండి, నన్ను పట్టుకున్న చెయ్యి మిమ్మల్ని కూడా పట్టుకుంటుంది. ఆమేన్!