ఉప్పు మామ్మ గాడిద

నౌపడ ఉప్పును గాడిద మీద వేసుకుని కొండ కింది ఊళ్ళకు తెచ్చే మామ్మ ఒకామె ఉండేది. పొట్టి నాటు గాడిద అది, ఎంత ఎత్తైనా ఎక్కేది. ఆగిన చోటల్లా ఆమె గోనె కింద చెయ్యి పెట్టి, దాని వీపు ఒరుసుకుపోయిందేమో చూసేది.

పందొమ్మిది వందల అరవైల చివర్లో నేను ఆ ఊళ్ళలో ఒకదాంట్లో బడిపంతుల్ని. ఒక వానాకాలం ఉదయం కొండదారిలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాను. అటుగా వస్తున్న మామ్మ నన్ను చూసి, గోనెలు దించేసింది.

"ఎక్కండి బాబూ."

"గాడిద మీదా? ఊరంతా నవ్వుతారు మామ్మా!"

"కాలు కంటే సిగ్గెక్కువేటి?"

చినుకులు మొదలయ్యాయి. "మరి ఉప్పో?" అన్నాను.

"కరిగితే మల్లీ తెస్తాను. ఎక్కండి."

ఊళ్ళో అరుగుల మీదివాళ్ళు నిజంగానే నవ్వారు. నేను తల దించుకున్నాను. మామ్మ గాడిదను ఆపింది.

"ఏటి నవ్వుతన్నారు? మీరు తినే ఉప్పు మోసింది ఇదే కదేటి?"

నవ్వులు ఆగిపోయాయి. ఇద్దరు లేచొచ్చి నన్ను దింపి మా ఇంటికి మోసుకెళ్ళారు.

ఆ ఉప్పంతా వానకు కరిగిపోయిందని తర్వాత తెలిసింది. మళ్ళీ వచ్చినప్పుడు మామ్మ ఆ మాటే ఎత్తలేదు. నా కట్టును వేలితో నొక్కి చూసి, "అప్పుడే బరువెయ్యకండి బాబూ" అంది.