చోరీ అంటే ఏంది హుజూర్?

భువనగిరిలో వకాలతు చేసే రఘుపతికి ఎవరు ఏ మాటన్నా దాని అర్థం తేల్చుకోనిదే ముద్ద దిగదు. ఆయన దగ్గర గుమాస్తాగా చేరిన యాదగిరికి మొదటి వారంలోనే తల తిరిగిపోయింది.

"వకీల్ సాబ్, ఎవరో ముసలాయన వచ్చిండు."

"ముసలాయన అంటే?"

"ఏమో సాబ్, నోట్ల పండ్లు లెవ్వు."

"పండ్లు లేనోళ్లంత ముసలోళ్లయితే, నిన్న పుట్టిన పిల్లగాడు గూడ ముసలోడేనా?"

ఈ చర్చ తెగేలోగా ఆ పెద్దమనిషి లేచి పక్కవీధి వకీలు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇంట్లోనూ అంతే. "పప్పు మాడింది, సప్పుడు చెయ్యక తినుండ్రి" అంది ఒకనాడు భార్య కృష్ణమ్మ. "మాడుడంటే? అడుగంటితే మాడినట్టా, వాసనొస్తే మాడినట్టా?" అన్నాడాయన. కృష్ణమ్మ గిన్నె తెచ్చి ఆయన ముఖం ముందు పెట్టింది. "ఇగో, గిదీ మాడుడంటే!" ఆయన ఆ నల్లటి అడుగును శ్రద్ధగా చూసి, తృప్తిగా తలూపి, నెయ్యి అడిగాడు. పక్కనే భోంచేస్తున్న యాదగిరికి పొలమారింది.

ఇంతలో సాలమ్మ కేసు వచ్చింది. సాలమ్మ కూలి మనిషి. వెట్టికి రాలేదన్న కోపంతో ఊరి పటేలు ఆమె మేకను తోలుకుపోయి తన కొట్టంలో కట్టేసుకున్నాడు. తెల్లారేసరికి సాలమ్మ వెళ్లి దాన్ని విప్పి తెచ్చుకుంది. పటేలు ఆమె మీద చోరీ కేసు పెట్టించాడు. నేరం రుజువైతే జైలే.

విచారణ రోజు కోర్టులో మున్సిఫ్ నేరమేమిటో ఉర్దూలో గడగడా చదివి, "ఒప్పుకుంటవా?" అని తెలుగులో గద్దించాడు. సాలమ్మ తలొంచుకుని చేతులు జోడించింది.

"మేకను తెచ్చింది నిజమే దొరా, ఒప్పు..."

రఘుపతి దిగ్గున లేచాడు. "చోరీ అంటే ఏంది హుజూర్?"

కోర్టంతా గొల్లున నవ్వింది. యాదగిరికి అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"ఇన్నేండ్లు వకాలతు చేసి చోరీ అంటే తెల్వదా?" అన్నాడు మున్సిఫ్.

"మర్సిన హుజూర్. జర తెలుగుల చెప్పుండ్రి."

"అవతలోని సొమ్ము, ఆయన ఒప్పుకోకుంట, బేఇమాన్‌గ తీస్కపోవుడు!"

"అవతలోనిది అంటే?"

"అంటే తనది కానిది! గిది గూడ చెప్పాల్నా?"

"మరి బేఇమాన్ అంటే?"

"తనది కాదని తెల్సి గూడ కాజేద్దామనే బుద్ధి! ఇగ కూసో!"

రఘుపతి కూర్చున్నాడు. సాలమ్మ మెల్లగా తలెత్తింది.

"గట్లయితే నేను చోరీ చెయ్యలే దొరా! గా మేక నాదే. దాని పిల్లలు పాలకు ఒర్రుతుంటె, నాది నేను తెచ్చుకున్న."

మున్సిఫ్ కలం ఆగింది. ఆయన పటేలు వైపు తిరిగాడు. "మేక ఎవరిది?"

"దానిదే హుజూర్. కాకుంటె వెట్టికి రమ్మంటె రాలేదని..." పటేలు నాలుక కరుచుకున్నాడు. కేసు కొట్టేశారు.

వరండాలోకి రాగానే యాదగిరి ఉండబట్టలేక అడిగాడు. "నిజంగనే మర్సిండ్రా సాబ్?"

"చోరీ అంటే ఏందో సాలమ్మకు బయట మంచిగనే చెప్పిన. లోపటికి పోంగనే బుగులుతోని, భయంతోని అంత మర్సిపోయింది. నేను మల్ల చెప్పబోతె వకీలు నేర్పిండంటరు. గందుకే మున్సిఫ్ సాబుతోనే చెప్పిచ్చిన."

"అందరు మిమ్ముల జూసి నవ్విండ్రు గద!"

"నవ్వనియ్యి. నా మీద నవ్వితే సాలమ్మకేం జైలు పడదు గద."

యాదగిరి ఆయన చంకలోని బరువైన పుస్తకాలు తీసుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు. మెట్ల మీద ఇంకా పకపకలాడుతున్న గుమాస్తాలను మోచేత్తో నెడుతూ గట్టిగా అరిచాడు:

"జరుగుండ్రి, జరుగుండ్రి! మా వకీల్ సాబ్ వస్తున్నడు!"