కళాయి వేసేవాడి ఇంట్లో స్టీలు గిన్నెలు

సహోదరులారా, సహోదరీలారా, నేను లేచి నిలబడగానే మీరు చప్పట్లు కొట్టారు, దయచేసి ఈ ఒక్క సాక్ష్యానికి కొట్టకండి, ఎందుకంటే దేవుడు నా ఇంటికి చేసిన మేలు చెప్పాలంటే ముందు నా ఇంటికి నేను చేసిన కీడు చెప్పాలి.

నా పేరు రత్నం. మా తాత పాలమూరు నుంచి ఈ పట్నానికి కట్టడాల పనికి వచ్చి ఈ కామాటిపురా చాల్‌లో, ఈ ఇరుకు గదుల వరసలోనే ఉండిపోయాడు, మా నాన్న కళాయి పని నేర్చుకున్నాడు, ఆయన దగ్గర నేను నేర్చుకున్నాను. ఇత్తడి గిన్నె లోపల తగరం పూత వెయ్యడమే ఆ పని, పూత లేకపోతే పులుపు తగిలి కూరకు చిలుము పడుతుంది. బొగ్గుల మంట మీద గిన్నె తిప్పుతూ, తగరం కరిగించి, గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే లోపలంతా వెండిలా మెరిసేది, ఆ మెరుపు చూసుకుని ఎంత మురిసిపోయానో! మా నాన్న ఉన్నన్నాళ్లూ తగరంలో ఏదీ కలపనివ్వలేదు. ఆయన పోయాక నాగ్‌పాడాలో పాత సామాన్ల కొట్టు నుంచి సీసం తెచ్చి కలపడం మొదలుపెట్టాను, చవకగా వస్తుంది, తొందరగా కరుగుతుంది, అందరూ కలుపుతున్నారు కదా, నేనొక్కణ్ణి కలిపితే ఏమవుతుందిలే అనుకున్నాను.

నా భార్య కరుణమ్మ పెళ్లయిన కొత్తలోనే అడిగింది, "అందరిండ్లల్ల స్టీలు గిన్నెలున్నయ్, మనం గూడ తెచ్చుకుందమా?" అని. కళాయి వేసేవాడి ఇంట్లో స్టీలు గిన్నెలా, చాల్ అంతా నవ్విపోతుంది అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు. నేను పూత వేసిన ఇత్తడి గంజులోనే ఏళ్ల తరబడి పులుసు కాచింది, మన పులుసు సంగతి మీకు తెలియనిదేముంది, చింతపండు దండిగా పడాలి, పొద్దున కాచింది సాయంత్రం దాకా ఊరాలి, అలా ఆ పులుపు రోజంతా నా పూతను కరిగిస్తూ ఉంది, నా కరుణమ్మ ఆ పులుసు తింటూ ఉంది. నేను బయట పని మీద తిరుగుతూ మధ్యాహ్నం ఎక్కడో వడాపావ్ తినేవాణ్ణి, ఆమెకు రెండు పూటలా అదే.

మొదట కడుపునొప్పి వచ్చింది, తర్వాత మొహం పాలిపోయింది, బీపీ పెరిగింది, కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. సర్కారు ఆసుపత్రిలో పరీక్షలు చేసి రెండు కిడ్నీలూ సగానికి పైగా దెబ్బతిన్నాయని, ఇలాగే పోతే డయాలసిస్ తప్పదని చెప్పారు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి అడిగింది, ఇంట్లో గానీ పనిలో గానీ సీసం, పాదరసం, నాటు మందులు ఏమైనా ఉన్నాయా అని. సహోదరులారా, ఆ మాట వినగానే నాకు అంతా అర్థమైంది! అర్థమై కూడా అబద్ధం చెప్పాను. "లేవు మేడమ్, గిన్నెలకు మెరుగు పెట్టే పని" అన్నాను.

ఎందుకు చెప్పలేదు? ఈ చాల్‌లో సగం ఇళ్ల గిన్నెలు నా చేతి మీదుగా వెళ్లినవే. ప్రేమ విందుకు వంట చేసే మన సంఘపు ఇత్తడి గుండిగకు కళాయి వేసింది కూడా నేనే. గంజు మారుద్దాం అంటే ఎందుకని కరుణమ్మ అడుగుతుంది, ఏం చెప్పను అని నోరు మూసుకున్నాను, తెలిసి తెలిసి రెండు నెలలు ఆమెను అదే గంజులో తిననిచ్చాను. మీరందరూ ఆమె కోసం శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉండి కన్నీళ్లతో ప్రార్థించారు, ప్రార్థన అయ్యాక అదే గుండిగలో కాచిన చారు పోసుకుని తిన్నారు, నేను చూస్తూ కూర్చున్నాను. అయ్యో, ఆ శుక్రవారాలు నాకు తిరిగి ఎవరిస్తారు!

ఒక శుక్రవారం పాస్టరు గారు కరుణమ్మనే ప్రార్థించమన్నారు. ఆమె లేవలేక గోడకు ఆనుకుని కూర్చుని, తన కిడ్నీల మాటే ఎత్తకుండా, "తండ్రీ, నాకేమైనా గానీ, మా ఆయన చేతులను సల్లగ సూడు, గా చేతుల కష్టంతోనే ఇన్నేండ్లు నాకు అన్నం పెట్టినవ్, గా చేతులకు ఏ నొప్పీ రానియ్యకు తండ్రీ" అని ప్రార్థించింది. అక్కడున్న మీరందరూ ఆమేన్ అన్నారు. నా నోట్లోంచి ఆమేన్ రాలేదు. నేలమీద పడి ఏడ్చాను, "ప్రభువా, ఈ చేతులే ఆమెకు విషం పెట్టాయి, నన్ను క్షమించు" అని అందరి ముందూ ఒప్పుకున్నాను. ఒక సహోదరుడు కోపంతో లేచి బయటికి వెళ్లిపోయాడు, ఆయన కోపం న్యాయమే. కరుణమ్మ, "స్టీలు గిన్నెల కోసం నన్ను మల్లొకసారన్న అడగనిస్తివి గాదు" అంది, అంతే.

మరుసటి రోజే ఆసుపత్రికి వెళ్లి డాక్టరమ్మకు నిజం చెప్పాను. ఆమె నన్ను తిట్టింది, తర్వాత ఇద్దరి రక్తమూ పరీక్ష చేయించింది, ఇద్దరిలోనూ సీసం ఉంది, కరుణమ్మలో మరీ ఎక్కువ. సీసాన్ని బయటికి లాగే మందులు ఇచ్చారు, గంజు మా ఇంట్లోంచి, గుండిగ సంఘంలోంచి వెళ్లిపోయాయి. దేవుని కృప చూడండి, రక్తంలో పెరుగుతూ పోతున్న క్రియాటినిన్, అదే కిడ్నీ ఎంత పాడైందో చెప్పే లెక్క, ఆగింది, వాపు తగ్గింది, ఈ రోజు వరకు డయాలసిస్ దాకా పోలేదు! దేవునికే మహిమ! కానీ దెబ్బతిన్నంత మేర కిడ్నీలు మళ్లీ బాగుపడలేదు, పడవని డాక్టరమ్మ కూడా చెప్పింది. అదిగో, కరుణమ్మ వెనక వరసలో కూర్చుంది, మీరు తినే ఉప్పు ఊరగాయ ఆమె ఇక తినకూడదు. రెండో అంతస్తు ఎల్లమ్మత్త కిడ్నీలు పాడై చనిపోయింది, ఆమె గంజుకూ నేనే పూత వేశాను, అదే కారణమో కాదో ఇక ఎవరూ తేల్చలేరు, నేను మాత్రం ఆమె గుమ్మం ముందు తలెత్తి నడవలేను.

నేను కళాయి పని మానేసి గ్రాంట్ రోడ్ దగ్గర ఒక బిల్డింగులో వాచ్‌మన్‌గా చేస్తున్నాను. మా ఇంట్లో ఇప్పుడు అన్నీ స్టీలు గిన్నెలే. దాచిపెట్టిన పాపాన్ని కూడా మోసి, నన్ను విడిపించిన దేవుణ్ణి మీరూ నమ్మండి, ఆయన ముందు చెప్పలేని మాట ఏదీ లేదు, డాక్టరు ముందు కూడా ఏదీ దాచకండి. ఆ శుక్రవారం ప్రార్థనకు రానివాళ్లూ ఈ రోజు ఇక్కడున్నారు, అందుకే ఆరాధన అయ్యాక నేను గుమ్మం దగ్గరే నిలబడతాను. నా చేతి కళాయి ఉన్న గిన్నె మీ ఇంట్లో ఇంకా ఉంటే ఈ పూటే పొయ్యి మీద నుంచి దించి నా దగ్గరికి తీసుకురండి, బదులు స్టీలు గిన్నె ఇస్తాను, రక్త పరీక్షకు మీతో నేనే వస్తాను. మొహమాటపడకండి, సిగ్గుపడవలసింది నేను. ఇంటికి వెళ్లి మీ పులుసు గంజు ఒక్కసారి చూడండి.