ముగ్గురం సరిపోతం

డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు ఓ మధ్యాహ్నం హసన్‌పర్తిలో వరంగల్ బస్సెక్కాను. నా పక్కన తెల్లచీర కట్టుకున్న నడివయసు ఆమె కూర్చుంది. దారిలో ఒక ముసలాయన ఎక్కాడు. చేతివేళ్ళు సగమే ఉన్నాయి, కాలికి గుడ్డ చుట్టుకున్నాడు. కుష్ఠురోగమని అందరూ దూరం జరిగారు. కండక్టర్ దిగమన్నాడు.

పక్కనున్నామె లేచి నిలబడింది.

"ఆయన మా దవాఖాన పేషెంటు. ఆయన దిగితే నేనూ దిగుత."

కండక్టర్ టికెట్ కొట్టాడు. ఆమె నా వైపు తిరిగింది.

"మందులు తింటాండు బిడ్డా, అంటుకోదు. జర జరుగు, ముగ్గురం సరిపోతం."

భయమేసింది, అయినా జరిగాను. ఆయన కాలి కట్టు ఊడిపోతుంటే ఆమె సంచిలోంచి కొత్త గుడ్డ తీసి, ఒక కొస నన్ను పట్టుకోమంది. పట్టుకున్నాను. "సల్లగుండు బిడ్డా" అన్నాడు ముసలాయన.

"ఇదేం కొలువమ్మా?" అని ఆమెను అడిగాను.

"ఎవలూ ముట్టనోళ్ళను ముట్టే నౌకరి," అంది తలెత్తి. "అడిగి మరీ తీసుకున్న."

వరంగల్‌లో దిగి ఇద్దరూ వెళ్ళిపోయారు. ఆమె పేరైనా అడగలేదు.

మరుసటేడు నేనూ ఆ పని శిక్షణకే దరఖాస్తు పెట్టాను. మట్టెవాడలో కిరాణం నడిపే బాపు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కొట్టు ముందు నుంచి పోతుంటే, ఉప్పు పొట్లం కడుతూ, అడగని గిరాకీకి చెప్తున్నాడు:

"మా బిడ్డ కుష్ఠు దవాఖానల పనికి పోతాంది. అందరితోని అయ్యే పని గాదది."