లాగి కుట్టిన కుట్టు

కళ్యాణదుర్గం నుంచి రాయదుర్గం పోయే బస్సులో నా పక్కన జీన్స్ కుట్టే పెద్దాయన కూర్చున్నాడు. నా ల్యాప్‌టాప్‌లో రెండు కణాల పొరలు దగ్గరై ఒకటైపోయే వీడియో నడుస్తోంది. ఆ కలయికను కంప్యూటర్‌లో లెక్కకట్టి చూపడమే నా పరిశోధన.

"ఏమప్పా, వాటిని ఎవురు కలుపుతాండారు?" అన్నాడు.

"వాటంతటవే కలుస్తాయన్నా" అన్నాను.

అది అబద్ధం. ఆ లెక్కను ఎన్నిసార్లు నడిపినా కలవకపోయేసరికి నేనే అందులో బయటి బలం పెట్టి రెండింటినీ దగ్గరికి లాగాను. ఆ సాయంత్రం పత్రికకు పంపాల్సిన పరిశోధన వ్యాసంలో ఆ సంగతి రాయలేదు.

ఆయన నవ్వాడు. "నీ పనే మేలప్పా. మాకు ఒక ముక్క పొట్టిగా వస్తే లాగి కుడతాం. మిషన్ మీద ఏమీ తెలీదు. ఒక ఉతుకు పడినాక ముడతలు లేస్తాయి."

నా వేలు పట్టుకుని తన ప్యాంటు పక్క కుట్టు మీద పెట్టాడు. కుట్టు పొడవునా గుడ్డ ముడుచుకుని ఉంది.

"ఇది నేను లాగిందే. అమ్మేకి మనసు రాలే. నేనే ఏసుకున్నా."

రాయదుర్గంలో ఆయన దిగి వెళ్లిపోయాడు. సాయంత్రం నేను వ్యాసం పంపేశాను. అందులోని 'వాటంతటవే' అన్న మాట తీయలేదు. అది అచ్చయి ఏడాది దాటింది. ఇంకా ఎవరూ ఉతికి చూడలేదు.